గేరు ఆయిలు, ఆవకాయ జాడీలు

ఒంగోలు వదినగారికి,

నమస్కారం. ఫోన్‌లో మీరు నన్ను మాట్లాడనివ్వలేదు కాబట్టి రాస్తున్నాను. నాకు మతి తప్పలేదు. నన్ను మీ ఇంటికి తీసుకుపోవడానికి ఆదివారం మీరు రానక్కర్లేదు.

మా పాత జీపు ఆటోమేటిక్. మీ చెల్లెలు జ్యోతిర్మయి పోయాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గేరు మారినప్పుడల్లా కుదిపేస్తుంటే ఆయిలు, ఫిల్టరు నేనే మార్చాలనుకున్నాను. పాత ఆయిలు ఎంత దిగితే కొత్తది అంతే పోయాలి. కొలతకు సమానమైన గిన్నెలు దొరకక, ఖాళీగా ఉన్న ఆవకాయ జాడీలు రెండు తెచ్చుకున్నాను. కొత్త ఆయిలు ఎర్రగానే ఉంటుంది. అది నా తప్పు కాదు.

అప్పుడే పక్కింటి లక్ష్మీదుర్గగారు వచ్చారు.

“అయ్యో అన్నయ్యగారూ, జ్యోతిర్మయి చేతి ఆవకాయ ఊట బండికి పోస్తారా? నాకు చెబితే వేడన్నం పట్టుకొచ్చేదాన్ని కదండీ!” అంటూ జాడీలో వేలు ముంచారు.

ఆవిడ ఆ వేలు నోట్లో పెట్టుకోకుండా ఆపాలని జీపు కింద నుంచి గబుక్కున లేచాను. తల ఇనుముకు కొట్టుకుంది. ఆవిడ చూసిన కన్నీళ్ళు ఆ దెబ్బవే.

ఆవిడ మీకు ఫోన్ చేసి చెప్పినవాటిలో ఒకటి మాత్రం నిజం. జీపు కింద పడుకుని నేను మీ చెల్లెలితో మాట్లాడుతున్నాను. క్రితంసారి ఫిల్టరు బిగించింది తనే. ఎటు తిప్పి పెట్టాలో తెలియక అడిగాను.

రెండోసారికి ఫిల్టరు సరిగ్గా కూర్చుంది.

మీ మరిది