అత్తగారి మోకాలు, నా గీజరు

మార్చి 2, ఆదివారం

ఈ రోజు నుంచి మా ఇంటి గడప ఏ మెకానిక్కూ తొక్కడు. శపథం!

కారణం రాసుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి మెత్తబడిపోతాను. గీజరు మళ్లీ ఆగింది. అందులో కటాఫ్ స్విచ్చని ఒకటుంటుంది. లోపల వేడి హద్దు మీరితే అదే కరెంటు ఆపేస్తుంది. మూత విప్పి, దాని మీదున్న ఎర్ర బొత్తాం నొక్కితే మళ్లీ నడుస్తుంది. అంతే! ఆ మాత్రం దానికి మెకానిక్ గోపినాథ్ వచ్చి, నొక్కి, టీ తాగి, పోతూ పోతూ నవ్వాడు.

“భయ్యా, ఈ దీవి ఎండల్లో, డాలీగంజ్‌లో గీజరా? మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలిపోద్ది. ఔర్ క్యా చాహియే?”

వాడికేం తెలుసు నా అవసరం! మా అత్తగారు జ్ఞానవతమ్మ గారికి మోకాలు వాచింది. రెండు పూటలా వేడినీళ్ల కాపడం పెట్టమన్నాడు డాక్టరు. ఆవిడ ఎప్పుడూ ఫెర్రీ దాటితే వచ్చే బాంబూఫ్లాట్‌లో కొడుకు దగ్గరే ఉంటారు. “అమ్మని ఒక్క నెలైనా నా దగ్గర ఉంచుకోవాలండీ” అని మా ఆవిడ ఏంజెలీనా ఎన్నాళ్లుగానో పోరుతోంది. ఇన్నాళ్లకు కుదిరింది. మంగళవారం వస్తున్నారు.

బావగారు ప్రేమయ్య ఫోన్లో పుల్ల వేశాడు. “మీ వేపు మూడు రోజులకోపాలి పంపొస్తాది. కాపడం ఎలాగ? అమ్మ ఇబ్బంది పడితే ఆ రోజే తీసుకొచ్చెత్తాను.”

“గీజరుంది బావా! స్విచ్చేస్తే చాలు!” అన్నాను.

“పొయ్యి మీద కాచేస్తే పోదా అండీ?” అంది ఏంజెలీనా. గీజరున్న ఇంట్లో పొయ్యి మీద నీళ్లా? ఠాఠ్! వీల్లేదన్నాను.

మార్చి 3, సోమవారం

విజయం!!!

ఆఫీసులో నా టికెట్ల కిటికీ ముందు వరస కాస్త పలచబడగానే గీజరు రిపేరు వీడియోలు చూశాను. ఒకటి తమిళం. ముక్క అర్థం కాలేదు, అయినా చివరిదాకా చూశాను. ఇంటికొచ్చి మెయిన్ ఆపాను. రబ్బరు చెప్పులు తొడిగాను. మూత విప్పాను. నొక్కాను. టిక్!

వేడినీళ్లు! చెమటలు కక్కుకుంటూ స్నానం చేశాను. ఆ చెమట పోవడానికి మళ్లీ చన్నీళ్లు పోసుకున్నాను.

మూత బిగించాక ఒక స్క్రూ మిగిలింది. కంపెనీ వాళ్లు ఒకటి ఎక్కువే ఇస్తారనుకుంటాను.

మార్చి 4, మంగళవారం

అత్తగారు దిగారు. చేతికర్ర, బైబిలు, ఎండుచేపల మూట. సాయంత్రం కాపడం పెట్టాం. “హాయిగుంది బాబూ, దేవుడు నిన్ను సల్లగా సూడాలి” అన్నారు. ఏంజెలీనా రాత్రి తల్లి మంచం పక్కనే చాప వేసుకుంది. ఇద్దరూ ఏవో గుసగుసలు, నవ్వులు. దాని మొహం అంత వెలిగిపోవడం ఈ మధ్య చూడలేదు.

ఇదంతా ఎవరి చలవ? నేను అడగలేదు. వాళ్లూ చెప్పలేదు.

మార్చి 5, బుధవారం

పొద్దున్న ఆగింది. నొక్కాను. టిక్. మళ్లీ ఆగింది. నొక్కాను. ఆగింది!!

అనుమానాలు: వోల్టేజీ. ఉప్పుగాలి. స్విచ్చు నాసిరకం. గోపినాథ్ దిష్టి.

అత్తగారు కాలు చాపుకుని ఎదురుచూస్తూ ఒక కీర్తన మొత్తం పాడేశారు. వంటింట్లోంచి ఏంజెలీనా కేక: “ఏవండీ, ఇక్కడి కుళాయిలో వేడినీళ్లొస్తున్నాయి! చేపల గిన్నెల జిడ్డు భలే పోతోంది!” ఇక్కడ నా పరువు పోతోంటే అక్కడ దాని జిడ్డు గోల.

మార్చి 6, గురువారం

పంపు వచ్చింది. గీజరు బంగారంలా పనిచేసింది. నేను చేసిన రిపేరు నిలబడింది. ఆఫీసులో ముగ్గురికి కటాఫ్ గురించి వివరించాను. నాలుగోవాడు లేచి వెళ్లిపోయాడు.

మార్చి 8, శనివారం

మళ్లీ ఆగింది. పొద్దుటి నుంచి నొక్కీ నొక్కీ బొటనవేలు వాచింది. ఇప్పుడు ఇంట్లో రెండు వాపులు.

అత్తగారు కర్ర మీద గెడ్డం ఆనించి అడిగారు: “పంపు రాని రోజు వంటింట్లో వేడినీళ్లు ఎక్కణ్నుంచి వస్తన్నాయి బాబూ?”

కరెంటు సంగతి మాట్లాడుతుంటే మధ్యలో నీళ్లెందుకు? “అవి వేరండీ” అన్నాను.

నేను బజారుకెళ్లొచ్చేసరికి పొయ్యి మీద గిన్నె, ఏంజెలీనా చేతిలో గుడ్డ. దొంగచాటుగా కాపడం! నా ఇంట్లో! కోపం ఆగలేదు. అరిచాను. అది అరవలేదు. “అమ్మకి రాత్రంతా నిద్ర లేదు. మీకు మా అమ్మ కాలు ముఖ్యమా, మీ మాట ముఖ్యమా?” అంది. ఏమిటా ప్రశ్న! రెండూ ముఖ్యమే. మాట కొంచెం ముందు.

రేపు చర్చి నుంచి ప్రేమయ్య ఇటే వస్తాడట, అమ్మను చూడ్డానికి. వేడినీళ్లు లేకపోతే చూసి ఊరుకుంటాడా? తీసుకుపోతాడు.

ఆలోచించాను. అడ్డం పడుతున్నది స్విచ్చే కదా. స్విచ్చే లేకపోతే? దాన్ని తప్పించి రెండు తీగలూ కలిపేశాను. టేపు చుట్టాను. ఇన్ని రోజులు ఈ తెలివి ఏమైందో!

మార్చి 9, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చర్చి నుంచి రాగానే గీజరు వేశాను. అత్తగారిని బాత్రూంలో పీట మీద కూర్చోబెట్టాం. ప్రేమయ్య హాల్లో కూర్చున్నాడు. నేను కటాఫ్ కథ మొదలుపెట్టాను. పంపు రావాల్సిన రోజే, ఇంకా రాలేదు. మేడ మీద ట్యాంకు ఎప్పుడో ఖాళీ.

“బాబూ, మీ గీజరు పొగ తాగతంది!” అని లోపల్నుంచి వినబడింది.

వెళ్లేసరికి నల్లటి పొగ. ప్లాస్టిక్ వాసన. ఆవిడకు మోకాలు మడత పడటం లేదు, లేవలేకపోతున్నారు. కూర్చున్న చోటు నుంచే చేతికర్ర చాచి స్విచ్చు ఆపేశారు. ఏంజెలీనా నన్ను ఒక్క తోపు తోసి లోపలికెళ్లి తల్లిని రెండు చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చింది. వెనకాలే పీట మీద కరిగిన ప్లాస్టిక్ బొట్లు బొట్లుగా పడింది. ఆవిడ కూర్చున్న పీట మీద. భయమేసింది. ఇప్పటికీ వేస్తోంది.

అప్పుడు బుర్రకెక్కింది. ట్యాంకు ఖాళీ అయిన రోజు వంటింటి కుళాయి తిప్పితే, గీజరులో నీళ్లు వెనక్కి జారి అక్కడికి పోతున్నాయి. ఒట్టి గీజరు కాగుతోంది. కాగినప్పుడల్లా కటాఫ్ ఆపుతోంది. ఆపినప్పుడల్లా నేను నొక్కుతున్నాను.

మంచినీళ్లు తాగి అత్తగారు ఒకే మాట అన్నారు. “ఈ ఇంట్లో బుద్ధిగా పనిచేసింది ఆ స్విచ్చొక్కటే బాబూ. దాన్నే తీసేసేవు.”

సాయంత్రం ఫెర్రీకి ప్రేమయ్య అమ్మను తీసుకుపోయాడు. ఏంజెలీనా సంచి సర్దుకుని వెంట వెళ్లింది.

మార్చి 11, మంగళవారం

తప్పంతా నాదేనా? నీళ్లు మూడు రోజులకోసారి వదిలేవాళ్లది కాదా? తమిళం వీడియో వాడిది కాదా?

మధ్యాహ్నం బ్రెడ్డు. రాత్రి బ్రెడ్డు. అత్తగారి మంచం పక్కన ఏంజెలీనా చాప పరిచే ఉంది. తీయబుద్ధి కాలేదు.

గోపినాథ్‌ను పిలిచాను. శపథం పోయింది, రాసేస్తున్నాను. వచ్చాడు, కాలిన గీజరు చూశాడు, ఊడదీసి పట్టుకుపోయాడు. ఈసారి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మార్చి 13, గురువారం

బాంబూఫ్లాట్ వెళ్లాను. గుమ్మంలోనే చెప్పేశాను: “మీ ప్రాణం మీదకు తెచ్చాను. తప్పు నాదండీ.” ఏంజెలీనా లోపల్నుంచి వింటోంది.

అత్తగారు కర్ర గోడకు ఆనించారు. “పొయ్యి మీద కాచి నువ్వే కాపడం పెడతావేటి? రెండు పూటలా?”

“పెడతానండీ.”

“అయితే ఆ స్క్రూడ్రైవరు నా చేతికియ్యి.”

“అమ్మా, సోచ్ లే, ఆలోచించుకో ఒకసారి” అన్నాడు ప్రేమయ్య.

“నాకోసం కాదురా. పిల్ల మొహం సూడు” అన్నారావిడ.

మార్చి 16, ఆదివారం

కొత్త శపథం! ఇక ఈ ఇంట్లో నీళ్లు కాచే పని నాది. గిన్నె, పొయ్యి, గుడ్డ. చెడిపోవడానికి ఇందులో ఏముంది?

అత్తగారూ ఏంజెలీనా నిన్న తిరిగొచ్చారు. ఉదయం కాపడం నేనే పెట్టాను. “ఇంకాస్త పైకి బాబూ” అంటూ అత్తగారు కళ్లు మూసుకున్నారు. వాపు తగ్గినట్టే ఉంది. ఏంజెలీనా గుమ్మంలో నిలబడి చూసింది. వారం తర్వాత నాతో మొదటి మాట: “టీ తాగుతారా?” నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఒక్కటే చిన్న ఇబ్బంది. గ్యాస్ లైటరు నాలుగైదు సార్లు నొక్కితే గాని అంటుకోవడం లేదు. లోపల స్ప్రింగు వదులైనట్టుంది, అంతే. దానికి కొత్తది కొనడమా? స్క్రూడ్రైవరు అత్తగారి తలగడ కింద ఉంది. నిద్రపోతున్న మనిషిని లేపడం మర్యాద కాదు.

కూరగాయల చాకు కొన ఆ స్క్రూకు సరిగ్గా పట్టింది.