అరచేతిలో పన్నెండు టన్నులు

మామయ్యకు,

మీ మేనల్లుడు, పళ్ళ డాక్టరు, వంగి పెడుతున్న నమస్కారాలు. రోజంతా జనం నోళ్ళలోకి వంగి వంగి నా నడుం ఎలాగూ అలాగే ఉండిపోయింది కాబట్టి ప్రత్యేకంగా వంగే పని లేకపోయింది.

ఒక మంచి వార్త. మీరు సైన్యంలో నడిపిన ఇనప బండిని నేను మళ్ళీ తయారు చేస్తున్నాను. ముక్కలన్నీ వచ్చేశాయి, చక్రాలు బిగించేశాను. ఇంట్లో చోటు చాలదని మా ఆవిడ గోల పెడితే క్లినిక్ వెనక గదిలోకి మార్చాను. రంగు మొదలుపెట్టిన రోజు ఆ వాసనకి ఇద్దరు పేషెంట్లు పిప్పి పళ్ళతోనే పారిపోయారు.

ఎంతైనా కొన్న ముక్కలు కొన్న ముక్కలే. నాకు మీ బండే కావాలి. వెనక తలుపు గడియ ఎటు తిరిగేది? బయట ఏమేం వేలాడదీసేవారు? అవన్నీ సొంతంగా, చేత్తో చేసి తగిలిస్తాను. రెండు నెలల్లో ప్రదర్శన ఉంది. వెంటనే రాయండి.

మీ అల్లుడు

తా.క. నిన్న పిల్లి వచ్చి బండి మీద పడుకుంది. ముందు చక్రం ఊడిపోయింది.

*

చిరంజీవి అల్లుడికి,

మామయ్య దీవెనలు, వాటికి రెట్టింపు హెచ్చరికలు.

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపిస్తే ఆవిడ ముందు దేవుడికి దీపం పెట్టింది. ఒరేయ్, అది పన్నెండు టన్నుల బండిరా! నీ క్లినిక్ మేడ మీద కదా? మెట్ల మీదుగా ఎలా ఎక్కించావు? కింద అద్దాల కొట్టాయనకి చెప్పావా? పాపం ఆయన తల మీద అంత బరువు పెట్టి నువ్వు పళ్ళు ఎలా పీకుతున్నావురా?

సైన్యం బండి మామూలు మనుషుల దగ్గర ఉండొచ్చో లేదో కనుక్కున్నావా? ప్రదర్శనకి రోడ్డు మీద తోలుకెళ్తావా? నీకు కారే వెనక్కి తియ్యడం రాదు. గేటు స్తంభం సంగతి మీ అమ్మ రాసింది.

గడియ అంటావా, ముప్ఫై ఏళ్ళ మాట. డ్రైవరన్నవాడు ముందుకి చూస్తాడు గాని వెనక తలుపు చూస్తాడా?

మీ మామయ్య

తా.క. పడుకుంటే చక్రం ఊడిందంటే అది పిల్లి అయ్యుండదు. తలుపులు వేసుకుని పడుకోండి.

*

మామయ్యకు,

సిగ్గుతో కూడిన నమస్కారాలు. అసలు సంగతి రాయడం మర్చిపోయాను. ఈ బండి మీ బండిలో ముప్ఫై అయిదో వంతు. ప్లాస్టిక్‌ది. అరచేతిలో పడుతుంది. ఫోటో పంపుతున్నాను. కొలత తెలియడానికి పక్కన స్కేలు కూడా పెట్టాను.

ఈ వయసులో బొమ్మలాటేంటని మీరు అడక్కండి. మా ఆవిడ అడిగేసింది. నాకు నలభై ఆరేళ్ళని కూడా గుర్తు చేసింది.

కానీ పని చూస్తే మీరూ మెచ్చుకుంటారు. పంటి ఎక్స్‌రే ఫిల్ము పొట్లంలో పల్చటి సీసం రేకు ఉంటుంది. దాన్ని సన్నగా కోస్తే పెట్టెలు కట్టే పట్టీలైపోయాయి. ప్లాస్టిక్ పుల్లని కొవ్వొత్తి మీద వేడి చేసి సాగదీస్తే వైర్‌లెస్ ఏరియల్ అయింది. ఇంజను మీది జాలీ ఏమో మా టీ వడపోతది. నాలుగు రోజులుగా మా ఇంట్లో టీ నమిలి తాగుతున్నాం.

గడియ ఆవగింజంత ఉంటుంది. మొన్న పట్టుకారులోంచి ఎగిరిపోయింది. మోకాళ్ళ మీద పాకుతూ వెతుకుతుంటే కుర్చీలో ఉన్న పెద్దాయన తల పక్కకి తిప్పి, "నా పన్నేనా డాక్టరు గారూ?" అన్నాడు. "కాదండీ, తలుపు గడియ" అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు.

ప్రదర్శన పెట్టేది మా బొమ్మ బండ్ల సంఘమే. దాని కార్యదర్శి సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. అందరం ఆయన్ని కొలబద్ద అంటాం. భూతద్దం వేసి ఒక్కో బోల్టూ లెక్కపెడతాడు. అందుకని మీకు ఏం గుర్తుంటే అది రాయండి.

మీ అల్లుడు

తా.క. గడియ దొరికింది. నా గడ్డంలో ఉంది. రెండు రోజులుగా అందరూ చూస్తూనే ఉన్నారట. మెతుకనుకుని మర్యాదకి చెప్పలేదట.

*

చిరంజీవి అల్లుడికి,

ఇప్పుడు మనసు కుదుటపడిన మామయ్య దీవెనలు.

ఫోటో చూశాను. అచ్చం నా బండే! అంత బండిని నీ స్కేలు పక్కన చూసేసరికి కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం. పోనీలే.

అడిగావు కాబట్టి రాసుకో. ఏరియల్ నుంచి వెనక కొక్కేనికి ఒక తీగ ఉండేది, బట్టలు ఆరేసుకోడానికి. ముందు చక్రాల కింద ఇటుకలు. పైన కోళ్ళ గంప. కుడివైపు రేకు కిటికీ ఎప్పుడూ తెరిచే ఉండేది, దాని పక్కన స్టూలు. వెలుతురు అక్కడ బాగా పడేది. వెనక పిడి లేని బకెట్టు. ఎడమవైపు ఒక తీగ మొక్క పాకి ఉండేది, పువ్వులు పూసేది.

ఇంతకన్నా ఎక్కువ అడక్కు.

మీ మామయ్య

తా.క. కోళ్ళు మొత్తం అయిదు. తెల్లది డ్రైవరు సీట్లోంచి దిగేది కాదు. మరి నేనెక్కడ కూర్చునేవాణ్ణని కూడా అడక్కు.

*

మామయ్యకు,

రోషంతో నమస్కారాలు.

మీరు రాసినవన్నీ చేశాను. గంప అల్లడానికి పాత టూత్‌బ్రష్షు కుచ్చు పీకాను. కోళ్ళని పన్ను నింపే సిమెంటుతో చేశాను. అవి ఇప్పుడు ఎంత గట్టిగా ఉన్నాయంటే, నేను నింపిన పళ్ళు కూడా అంత గట్టిగా నిలబడలేదు. తెల్లదాన్ని డ్రైవరు సీట్లోనే కూర్చోబెట్టాను.

కొలబద్ద వచ్చి చూశాడు. భూతద్దం తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "డాక్టరు గారూ, పరిగెత్తే బండి మీద పూల తీగ ఎలా పాకుతుందండీ? ఇది యుద్ధం బండా, పెరడా?" అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "దీన్ని నడిపిన మనిషి మా మామయ్య. ఆయన నోట అబద్ధం రాదు. ఇందులో ఒక్కటి తప్పని తేలినా సంఘంలోంచి వెళ్ళిపోతాను" అన్నాను. అనేశాక తెలిసింది, బల్ల గుద్దుతూ అన్నానని. రెండు కోళ్ళు ఎగిరిపోయాయి.

కాబట్టి ప్రదర్శనకి మీరే రావాలి. బండి పక్కన కుర్చీ వేయించాను. 'ఈ బండిని నడిపిన డ్రైవరు స్వయంగా విచ్చేస్తున్నారు' అని అట్ట రాయించి ప్రదర్శన హాలు గోడకి కట్టేశాను కూడా.

మీ అల్లుడు

తా.క. ఎగిరిన వాటిలో ఒక కోడి దొరికింది. రెండోది కొలబద్ద టీలో పడిందని నా అనుమానం. అడిగే ధైర్యం లేదు.

*

చిరంజీవి అల్లుడికి,

మోకాలు నొప్పి, రాలేనని రాసి కొట్టేశాను. రైలు టిక్కెట్లు దొరకలేదని రాసి అదీ కొట్టేశాను. నా మాట మీద నువ్వు పందెం కాశావని చదివిన దగ్గర్నుంచి అన్నం దిగడం లేదు. ఉన్నమాట రాసేస్తున్నాను.

నేను డ్రైవర్ని కాదురా. దర్జీని.

ఆ బండి ఇంజను ఎప్పుడో తీసుకుపోయారు. మా డేరాల వెనక ఇటుకల మీద పెట్టి వదిలేశారు. ఎండకీ వానకీ బావుందని నా కుట్టుమిషను అందులో పెట్టుకున్నాను. కిటికీ పక్కన స్టూలేసుకుని రెండేళ్ళు చొక్కాలు కుట్టాను. అది ఒక్క అడుగు కూడా కదల్లేదు. అందుకే తీగ పాకింది.

పెళ్ళిచూపుల్లో మీ అత్తయ్య తండ్రి "సైన్యంలో ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగితే "బండిలో ఉంటానండీ" అన్నాను. అబద్ధం కాదు కదా. నడుపుతాననుకుని ఆయన చాలా సంతోషపడ్డాడు. తర్వాత చెబుదాంలే అనుకునే లోపల పెళ్ళి కూడా అయిపోయింది.

ఇంకొకటి. నీ ఫోటోలో బండికి ఎనిమిది చక్రాలున్నాయి. నాదానికి ఆరే. మొదటి రోజే చూశాను. చెబితే ఇంకా ఏం తేడాలున్నాయని అడుగుతావు, ఆ వరసలో ఇంజను దాకా వెళ్ళాల్సొస్తుందని ఊరుకున్నాను.

నిజంగా నా చేతికి వచ్చింది ఒక్కటే పని. నువ్వు పక్కన పెట్టిన స్కేలుని బట్టి కొలత తీసి, పాత గొడుగు గుడ్డతో నీ బండి మీద కప్పడానికి నేల దాకా దిగే పట్టా కుట్టాను. ఇందులో పెట్టాను. చుట్టూ అంచు మడిచి, తాళ్ళకి కాజాలు కూడా తీశాను. నీకు పనికొస్తే కప్పు, లేదా అద్దాలు తుడుచుకో. ఆ అట్ట మాత్రం గోడ మీద నుంచి తీసెయ్.

మీ మామయ్య

తా.క. నేను మీ అత్తయ్యని. ఆయన ఈ ఉత్తరం ఏడుస్తూ రాశాడు. నాకు పెళ్ళయిన వారానికే తెలుసు, సైకిలేసుకుని వెళ్ళి ఎదురింటి అరుగు గుద్దాడు. డ్రైవరుకి కాజాలు ఇంత ముచ్చటగా తియ్యడం ఎలా వచ్చిందని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే మానేస్తాడేమోనని భయం.

*

మామయ్యకు, అత్తయ్యకు,

ఈసారి నిజంగానే వంగి పెడుతున్న నమస్కారాలు.

మీ ఉత్తరం ప్రదర్శన రోజు పొద్దున్న, క్లినిక్ తాళాలు తీస్తుండగా అందింది. అక్కడే మెట్ల మీద కూర్చుని చదివాను. చదివి పట్టా విప్పాను. గోరంత మడతలు, చీమ కాలంత కుట్లు. నా పట్టుకారులు, గమ్ములు, కొవ్వొత్తులు అన్నీ గుర్తొచ్చి తల దించుకున్నాను.

హాలుకి వెళ్ళి పాత అట్ట తీసేసి నా చేత్తోనే ఇంకొకటి రాశాను: 'ఈ బండి నడవలేదు. ఇందులో కూర్చుని మా మామయ్య దళం మొత్తానికి చొక్కాలు కుట్టారు. పట్టా ఆయన చేతి పని.' బండికి పట్టా కప్పి తాళ్ళు కట్టాను. కోళ్ళని బయట నిలబెట్టాను.

కొలబద్ద వచ్చాడు. అట్ట చదివాడు. నేను రాజీనామా కాగితం జేబులోంచి తీస్తున్నాను. ఆయన చూడలేదు. భూతద్దం పెట్టి పట్టా అంచు వెంట కుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నూట పన్నెండు దగ్గర ఆగి, "ఇది ఏ పట్టుకారుతో చేశారండీ?" అన్నాడు. "సూదితోనండీ" అన్నాను. ఆయన ఖాళీ కుర్చీలో, మీ కుర్చీలోనే, కూర్చుండిపోయాడు.

కొనకుండా చేత్తో చేసిన భాగాల్లో మొదటి బహుమతి మీ పట్టాకి ఇచ్చారు. సర్టిఫికెట్ మీద 'దర్జీ' అని రాయించాను. పంపుతున్నాను. ముందు గదిలో, వచ్చినవాళ్ళకి కనపడేచోట తగిలించండి.

నా బండికి ఏమీ రాలేదు. రెండు నెలలు చేసిన గడియ, జాలీ, ఏరియల్ అన్నీ పట్టా కిందే ఉండిపోయాయి, ఒక్కడూ చూడలేదు. అదే మంచిదైంది. ఎందుకంటే మామయ్యా, మీ బండికి ఆరు చక్రాలేనని నాకూ తెలుసు, చిన్నప్పుడు మీరే చెప్పారు. కొట్లో ఆరు చక్రాలది లేదు. ఎనిమిదిది పెట్టె మీద బొమ్మ బాగుందని కొనేశాను. చుట్టూ ఇన్ని తగిలిస్తే మీరు చక్రాలు లెక్కపెట్టరనుకున్నాను. మీరు 'అచ్చం నా బండే' అని రాసినప్పుడు, మా మామయ్యకి మతిమరుపు వచ్చిందని లోలోపల సంతోషించిన వెధవని నేను.

మీ అల్లుడు

తా.క. పట్టా కొంచెం ఎత్తి చక్రాలు మళ్ళీ లెక్కపెట్టొచ్చా అని కొలబద్ద ఇప్పటికి మూడుసార్లు అడిగాడు. ఎత్తితే కాజాలు పాడవుతాయని దర్జీగారు కచ్చితంగా చెప్పారన్నాను. ఎవరైనా అడిగితే మీరూ అదే చెప్పండి.