గెడ్డకీ కెమెరాకీ మధ్య నాన్న

మల్కాపురం,
ఆదివారం

మా వంశంలో మొదటి అడవి ఉద్యోగస్తురాలు దేవికి, మీ నాన్న ఎల్లారావు పట్టలేని సంతోషంతో రాయునది.

కాకినాడ ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడల్లా "మీటింగ్‌లో ఉన్నాను నాన్నా" అని పెట్టేస్తున్నావు. ఉత్తరాన్ని ఎలా పెట్టేస్తావో చూస్తాను.

తల్లీ, నాకు కాళ్లు నేల మీద నిలవడం లేదు. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చూసుకోకుండా జంతువుల చదువు చదువుతానన్నావని ఆరోజు మీ సింహాద్రి మావయ్య, "ఏటి బావా, ఇంత సదివి పిల్ల పిల్లుల్ని లెక్కెడతాదేటి?" అని నవ్వాడా లేదా? మొన్న అతన్ని చెయ్యి పట్టుకుని ఊరి పక్కన పారే మన గెడ్డకి లాక్కెళ్లాను. మడచెట్టుకి నువ్వు కట్టిన కెమెరా పెట్టె చూపించాను. "ముందుకి ఎవలొచ్చినా దానంతటదే ఫోటో తీసేస్తాది. ఆ ఫోటో కాకినాడలో కూకోని మా దేవి సూస్తాది" అన్నాను. తెరిచిన నోరు మూయలేదు.

అప్పుడు తట్టింది నాకు. మమ్మల్ని కూడా చూస్తావు కదా! మర్నాడే మీ అమ్మ పట్టుచీర కట్టింది. నేను కొత్త చొక్కా వేశాను. ఇద్దరం కెమెరా ముందు నిలబడి నవ్వాము. మావయ్య కూడా నవ్వాడు. పక్కింటి పోతమ్మ కొత్తగా కొన్న మేకని తోలుకొచ్చి నీకు చూపించింది. బాగుందా?

ఇట్లు,
నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టిన నాన్న.

తా.క. ఫ్లాషు వెలగలేదు. సెల్లులు అయిపోయినట్టున్నాయి. కొత్తవి వెయ్యమంటావా?


కాకినాడ,
శుక్రవారం

నాన్నకి, ఫోన్‌లో అరిస్తే ఆఫీసంతా వింటుందని కాగితం మీద అరుస్తున్న దేవి రాసేది.

ఈ వారం కెమెరా కార్డు వచ్చింది. మా కృష్ణంరాజు సారు పక్కన ఉండగానే తెరిచాను. మొదటి ఫోటో అమ్మ. రెండోది అమ్మే, పక్కకి తిరిగి. తర్వాత నువ్వు. ఆ తర్వాత మావయ్య పళ్లు, పళ్లు మాత్రమే. చివరికి ఏదో జంతువు పడిందని సారు గబగబా కళ్లజోడు పెట్టుకున్నారు. పోతమ్మత్త మేక!

నాన్నా, అది ఫోటో స్టూడియో కాదు! బావురుపిల్లి కోసం పెట్టిన కెమెరా. చేపలు పట్టుకుని బతికే అడవిపిల్లి అది. మన గెడ్డలో ఉందని నేనొక్కదాన్నే అంటున్నాను, ఎవరూ నమ్మడం లేదు. నెలాఖరులోగా ఒక్క ఫోటో అయినా పడకపోతే మన గెడ్డని సర్వేలోంచి తీసేస్తారు. నా కాంట్రాక్టు కూడా అంతటితో సరి. మనిషి వాసన తగిలితే అది రాదు. ఇకమీదట ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, ఆ కెమెరా దగ్గరకి రాకూడదు!

ఒళ్లు మండుతున్న నీ కూతురు,
దేవి.

తా.క. అమ్మ చీర బాగుంది. అది వేరే సంగతి.


మల్కాపురం,
బుధవారం

కోపంలోనూ ఆఫీసరులాగే రాసే మా దేవికి, పొంగిపోయిన నాన్న రాయునది.

నీ ఉత్తరం మావయ్యకి చదివి వినిపించాను. "ఏటి బావా, గవర్నమెంటు ఆర్డరు లాగుంది!" అన్నాడు. నా ఛాతీ ఎంత వెడల్పయిందో చెప్పలేను.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాము. ఒక్క మనిషిని కూడా కెమెరా దగ్గరకి రానివ్వడం లేదు. ఎలాగంటావా? కుర్చీ వేసుకుని నేనే కాపలా కూర్చున్నాను. భోజనాల వేళ మావయ్య కూర్చుంటున్నాడు. మనిషి వాసన తగలకూడదన్నావు కనక అగరొత్తులు కూడా వెలిగిస్తున్నాము. పోతమ్మ చూసి, "ఏటన్నా, గెడ్డకి పూజ సేత్తన్నావేటి?" అంది. "కాదు, మా పాప ఉద్యోగం సేత్తన్నాను" అన్నాను.

ఇట్లు,
నీ కింద పనిచేస్తున్న నాన్న.

తా.క. మా కాపలా ఎంత గట్టిదో విను. నిన్న సందెవేళ ఓ దొంగపిల్లి వచ్చింది. కుక్కంత ఉంది, ఒంటినిండా మచ్చలు. గెడ్డలోంచి చేపని కరుచుకుని సరాసరి కెమెరా ముందుకే వచ్చింది. నీ పిల్లి రావలసిన చోట దీనికేం పనని కర్రెత్తి తోలేశాను.


కాకినాడ,
శనివారం

నాన్నా! నాన్నా! నాన్నా!

అదే! ఆ దొంగపిల్లే బావురుపిల్లి! రెండేళ్లుగా మోకాలి లోతు బురదలో నేను తిరుగుతున్నది దాని కోసమే! అది తనంతట తాను కెమెరా ముందుకి వస్తే, అగరొత్తులు వెలిగించి మరీ తోలేశావా? ఇక అది ఆ చుట్టుపక్కలకి వస్తుందా?

సారుకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఈ వారం కార్డు ఇంకా రాలేదు. వచ్చినా తెరవబుద్ధి కావడం లేదు. నీ కుర్చీ, నీ వీపు తప్ప ఏముంటాయి అందులో? బట్టలు సర్దుకుంటున్నాను. వచ్చి మావయ్య నవ్వుతుంటే వింటూ కూర్చుంటాను.

ఇట్లు,
నువ్వు ఉద్యోగం తీయించిన కూతురు.

తా.క. కుర్చీ తీసెయ్! ఈ ముక్క చదవగానే లే!


మల్కాపురం,
నెలాఖరు సోమవారం

దేవికి, ఈసారి నిజంగా కోపం వచ్చిన మీ నాన్న రాయునది.

కార్డులో బావురుపిల్లి పడిందనీ, గెడ్డని సర్వేలో ఉంచారనీ, నీ కాంట్రాక్టు పొడిగించారనీ మీ అమ్మకి ఫోన్ చేసి ఏడ్చావట. నాకు చెయ్యలేదు. సరే. ఇకనుంచి బడిపిల్లల్ని గెడ్డకి తెచ్చి పాఠాలు చెబుతావట. జంతువుల దగ్గర ఏమేం చెయ్యకూడదో చూపించడానికి నన్ను నిలబెడతావట. అదీ సరే, కొత్త చొక్కా వేసుకుని నిలబడతాను.

కానీ పేపర్లో ఆ ఫోటో ఏమిటి? పిల్లి అంత అందంగా పళ్లికిలించి నిలబడిందే, ఎవర్ని చూసి? నన్ను చూసి! నేను కర్రెత్తకపోతే అది ఆగేదా, ఎదురు తిరిగేదా? అలాంటిది పిల్లిని ఉంచి నన్ను కత్తిరించేశారు! నా కర్ర కొస ఒక్కటే మిగిలింది. కింద ఏం రాశారో చదివావా? "ఎండు కొమ్మ పక్కన బావురుపిల్లి" అట! ఆ కొమ్మ నాదేనంటే మీ మావయ్య, "ఊరుకో బావా" అంటున్నాడు. మల్కాపురంలో ఒక్కడూ నమ్మడం లేదు.

నేనున్న ఫోటో మొత్తం వెంటనే పంపు. వన్ టౌన్‌లో ఫ్రేము కట్టేవాడికి చెప్పి వచ్చేశాను.

ఇట్లు,
ఎండు కొమ్మ.

తా.క. కుర్చీ ఎప్పుడో తీసేశాను. దూరంగా రోడ్డు మీద నుంచే చూస్తున్నాను. నిన్న సందెవేళ అది మళ్లీ వచ్చింది. నన్ను గుర్తుపట్టి, నోట్లో చేప వదలకుండానే ఎంత కోపంగా చూసిందనుకున్నావు! అచ్చం నీ చూపే. ఎంత ముద్దొచ్చిందో.