ఆకుపచ్చా పసుపూ చారల వైరు

అక్టోబరు 3, సోమవారం

ముందు అందరి ఆరోగ్యాలు. తమ్ముడు ట్రెవర్‌కు పొద్దున్నే ఫోన్ చేసి దగ్గు ఎలా ఉందని అడిగాను. అలాగే ఉందట. నిన్నటికంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. వాడి కూతురు జనీన్‌ను నడుము ఎలా ఉందని అడిగాను. పర్వాలేదంది, కాని వంగి బూట్లు వేసుకోలేకపోతోందట. అంటే పర్వా ఉన్నట్టే. రొట్టెల కొట్లో మా పాత ఫ్యాక్టరీ నెవిల్ కనబడితే మోకాలు సంగతి అడిగాను. టీవీ వాళ్లకంటే ముందే తన మోకాలు వాన కబురు చెబుతోందన్నాడు. నా షుగరు ఎక్కువే ఉంది. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకున్నాను కూడా.

ట్రెవర్ నలభై ఒక్క ఏళ్లు అద్దెకు తీసుకుని కత్తులకు సానపట్టిన గది పోయింది. ఆ భవనం మొత్తం కూలగొట్టి ఫ్లాట్లు కడతారట. షెఫీల్డ్‌లో చేత్తో కత్తులకు సానపట్టేవాళ్లు ఇంకెందరు మిగిలారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆగస్టు నుంచి వాడు కుర్చీలో కూర్చుని గోడ చూస్తున్నాడు. టీవీ కూడా పెట్టడం లేదని జనీన్ చెప్పింది. వాడుండేది నాలుగో అంతస్తు, అక్కడ సానమిషన్ పెట్టడం కుదరదు. నా ఇంటి కింద సెల్లారు ఖాళీగానే ఉంది కదా, తెచ్చి పెట్టుకోమన్నాను.

ఆ మాట అన్నప్పటి నుంచీ భయం. నిప్పురవ్వలు పడితే. మెట్లు విరిగితే. కింద చెమ్మ.

అక్టోబరు 8, శనివారం

బెల్టు గ్రైండరు, గరుకు పట్టీ గిరగిరా తిరిగే ఆ సానమిషన్, వచ్చింది. నలుగురు మోశారు. మూడో మెట్టు అంచు విరిగింది. నేను అనుకున్నదే.

అక్టోబరు 11, మంగళవారం

నెవిల్ వచ్చి వైరింగు మొదలుపెట్టాడు. మేము స్పూన్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో ఆయన కరెంటు పని చూసేవాడు. నేను పదిహేనేళ్లకు బడి మానేసి అక్కడ చేరాను. అప్పటి నుంచీ ఎరుగుదును. ఆయన రిటైరయి పధ్నాలుగేళ్లయింది. చేతులు కొంచెం వణుకుతాయి, స్క్రూడ్రైవరు పట్టుకుంటే మాత్రం ఆగుతాయి.

ట్రెవర్ మోటారు ఫ్యాక్టరీ మోటారు, త్రీ ఫేజు కావాలి. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజు. మధ్యలో ఒక డబ్బా పెట్టాడు, బ్రెడ్డు ప్యాకెట్టు అంత ఉంది. డ్రైవ్ అంటారట. ఒకటి తీసుకుని మూడు చేసి ఇస్తుంది, పైగా గుండీ తిప్పితే మోటారు నెమ్మదిస్తుంది, వేగం పెరుగుతుంది. మోటారు మూత తీసి, అడ్డంగా ఉన్న ఇత్తడి బిళ్లలను నిలువుగా మార్చి బిగించాడు. అలా చేయకపోతే మోటారుకు బలం చాలదన్నాడు.

ట్రెవర్ తన పాత స్విచ్చు కావాలని పట్టుబట్టాడు, మోకాలితో కొట్టి ఆపేది. నలభై ఏళ్ల అలవాటు. డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య స్విచ్చు పెడితే డ్రైవ్ కాలిపోతుందని నెవిల్ ఒప్పుకోలేదు. నీ మోకాలికి రిటైర్మెంటు ఇప్పించు, నా మోకాలితో పాటు పింఛను తీసుకుంటుంది అన్నాడు. ట్రెవర్ గంటసేపు ముఖం ముడుచుకున్నాడు.

డబ్బా మూత తీయాల్సివస్తే కరెంటు ఆపాక కూడా పది నిమిషాలు ఆగాలట. లోపల కరెంటు దాక్కుని ఉంటుందట. ఇది విన్నాక నాకు అన్నం సయించలేదు.

అక్టోబరు 12, బుధవారం

నడిచింది. ట్రెవర్ గుండీ తగ్గించి, కూరగాయల కత్తి ఒకటి బెల్టుకు ఆనించాడు. రవ్వలు ఎగరలేదు. సన్నగా గీసినట్టు చప్పుడు. కత్తి రేకు వేడెక్కి నీలం రంగుకు తిరగలేదు. పదేపదే నీళ్లలో ముంచాల్సిన పని లేకపోయింది.

వాడు నావైపు తిరగకుండానే అన్నాడు. "అక్కా, ఇన్నేళ్లూ దీంతో పోట్లాడాను. ఇవాళ చెప్పిన మాట వింటోంది."

ఇంటికెళ్లేటప్పుడు దగ్గలేదు. నేను లెక్కపెట్టాను.

అక్టోబరు 14, శుక్రవారం

నాలుగుసార్లు ఇంట్లో కరెంటు పోయింది. వాడు మిషన్ వేస్తాడు, బోర్డులో స్విచ్చు పడిపోతుంది, మొత్తం ఇల్లు చీకటి. ఫ్రిజ్ ఆగిపోతుంది. ఫ్రిజ్‌లో నా ఇన్సులిన్. స్టూలెక్కి నేను స్విచ్చు పైకి లేపాలి. వాడు కిందనుంచి, అక్కా, అని అరుస్తాడు. లేపుతాను. మళ్లీ పడుతుంది.

అక్టోబరు 17, సోమవారం

నెవిల్ వచ్చి చూశాడు. తప్పేమీ లేదట. డ్రైవ్ స్వభావమే అంత. కొంచెం కరెంటు ఎర్తు వైరులోకి కారుతుంది, అది చూసి బోర్డు బెదిరిపోయి కొట్టేసుకుంటుంది. దీనికి వేరే లైను, వేరే రకం స్విచ్చు కావాలి. అది లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి, తన లైసెన్సు ఎప్పుడో చెల్లిపోయింది. తన దగ్గర పని నేర్చుకున్న ఒకాయనను పంపిస్తానన్నాడు. ఆయనకు మూడు వారాల దాకా తీరిక లేదు. అప్పటిదాకా ఓపిక పట్టమన్నాడు.

ఎర్తు వైరు ఏదో చూపించమన్నాను. ఆకుపచ్చా పసుపూ చారలది. అది లేకపోతే బోర్డు పడదా అని అడిగాను.

"పడదు. అప్పుడు పడేది మనిషి," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

అక్టోబరు 20, గురువారం

మెట్లమీద ఉండగా కరెంటు పోయింది. చేతిలో ట్రెవర్ టీ. విరిగిన మెట్టు మీద కాలు జారింది. నాలుగు మెట్లు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే దిగాను. తుంటి ఎముక విరిగిందనుకున్నాను. విరగలేదు. నల్లగా కమిలింది. టీ అంతా ఒళ్లో.

ట్రెవర్ భయపడిపోయాడు. ఇక మానేస్తాలే అక్కా అన్నాడు, మిషన్ మీద గుడ్డ కప్పాడు. కప్పి ఆ గుడ్డను సరిచేస్తూ నిలబడ్డాడు. మళ్లీ ఆ కుర్చీ, ఆ గోడ. నాకు అవి కళ్లముందు కనబడ్డాయి. వద్దు, పని చేసుకో, నేను జాగ్రత్తగా ఉంటాను అన్నాను.

ఇన్సులిన్ చెడిపోయిందేమో. చూస్తే తెలియదట. అదే భయం.

అక్టోబరు 21, శుక్రవారం, పొద్దున పదకొండు గంటలు

మా ఫ్యాక్టరీలో పాలిష్ చక్రాల ముందు ఆపే రాడ్డు ఉండేది. ఆప్రాన్ తగిలినా సరే అన్ని చక్రాలూ ఆగేవి. మాకు స్పూన్ల లెక్కన కూలి, చక్రం ఆగితే డబ్బు పోయేది. అందుకని రాడ్డు కదలకుండా సందులో ఒక స్పూను కాడ దూర్చేవాళ్లం. అందరం దూర్చేవాళ్లమే. ఫోర్‌మన్‌కు తెలుసు, చూడనట్టు పోయేవాడు. నెవిల్ వచ్చి స్పూన్లు పీకి, బూతులు తిట్టి వెళ్లేవాడు. ఆయన గుమ్మం దాటగానే మళ్లీ దూర్చేవాళ్లం. ముప్పై ఏళ్లు అలా చేశాను. నాకేమీ కాలేదు. అవతలి వరసలో ఒకామె జుట్టును చక్రం లాగేసింది, కాని నాకేమీ కాలేదు.

ట్రెవర్ ఛాతీ డాక్టరు దగ్గరకు వెళ్లాడు. ఒంటిగంట దాకా రాడు.

బోర్డు ఆపాను. పది నిమిషాలు కాదు, గంట ఆగాను. డబ్బా మూత తీశాను. ఇంట్లోంచి డబ్బాలోకి వచ్చే చారల వైరు ఊడదీశాను. నెవిల్ ఎంత గట్టిగా బిగించాడో, రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. కొసకు టేపు చుట్టి పక్కకు వంచాను. మూత పెట్టేశాను.

ఇన్ని రోజుల్లో మొదటిసారి భయం వేయలేదు.

అక్టోబరు 22, శనివారం

ఒక్కసారి కూడా పడలేదు.

అక్టోబరు 27, గురువారం

ఇవాళ కూడా పడలేదు. డ్రైవ్ ఇప్పుడు సర్దుకుంది, కొత్త బూట్లు కాలికి సర్దుకున్నట్టే అని ట్రెవర్ జనీన్‌కు చెప్పాడు. డజను కత్తులు అయ్యాయి. వెన్న రాసే కత్తి ఒకటి నాకిచ్చాడు. చాలా అందంగా ఉంది.

మిషన్ ముట్టుకుంటే వేళ్లమీద చీమలు పాకినట్టుందన్నాడు. ఎప్పుడూ కాదట, అప్పుడప్పుడూ.

వయసుకు రక్తం వేళ్ల కొసలదాకా అందదు, నాకూ అంతే అన్నాను. ఉన్ని చేతితొడుగులు వేసుకోమన్నాను.

అలా ఎందుకన్నానో. ఆ లైసెన్సాయన వచ్చేదాకా ఇంకెంత, పది రోజులు. ఆయన వచ్చేముందు మళ్లీ బిగించేస్తాను.

అక్టోబరు 30, ఆదివారం

చీమల సంగతి మళ్లీ ఎత్తుతాడేమోనని చూశాను. ఎత్తలేదు. నేనూ అడగలేదు.

నవంబరు 2, బుధవారం

మధ్యాహ్నం మూడూ పదికి ఇంట్లో కరెంటు పోయింది. నేను వంటింట్లో ఉన్నాను. కిందనుంచి అక్కా అని పిలుపు వస్తుందని చూశాను. రాలేదు. అప్పుడే తెలిసిపోయింది.

ఎడమచేత్తో మిషన్ మీది ఇనుప మర పట్టుకుని బెల్టు సరిచేస్తున్నాడు. కుడిచేతిలో కత్తి ఉంది. కుడి మోచేయి గోడ వెంట ఉన్న నీళ్ల పైపుకు తగిలింది. ఎవరో పట్టి లాగినట్టయిందట. చెయ్యి బెల్టు మీద పడింది. ముతక బెల్టు, పూర్తి వేగం. ఆగేదాకా తిరిగింది.

తువ్వాలు చుట్టాను. అంబులెన్సులో వాడు నన్నే ఓదార్చాడు.

నవంబరు 3, గురువారం

కుడిచేతి రెండు వేళ్ల నరాలు పోయాయి. మొదటి కణుపు దాకా తీసేశారు. బొటనవేలు మిగిలింది. ఇక కత్తి పట్టలేడని డాక్టరు వాడి ముందే చెప్పాడు. వాడు తల ఊపాడు, బస్సు ఆలస్యమని చెబితే ఊపినట్టు.

కాసేపటికి వాడే అన్నాడు. "నెవిల్ చేతులు వణుకుతాయని నాకు తెలుసక్కా. తెలిసే చేయించుకున్నాను. ఆయన్నేమీ అనకండి."

జనీన్ అప్పటికే అనేసింది. ఫోన్‌లో. చేతకాని ముసలాడివి, ఒప్పుకోకుండా ఉండాల్సిందంది. ఏ వేళ్లు అని మాత్రం ఆయన అడిగాడట.

నేను మంచం పక్కన కూర్చుని నారింజ వలిచాను. తొక్క ఊడకుండా ఒకే ముక్కగా వచ్చింది. చెప్పలేదు.

నవంబరు 5, శనివారం

బయట టపాకాయలు, ఏటా ఈ రాత్రి మంటలు వేసి కాలుస్తారు. ఈ పండక్కి తినే పార్కిన్ అనే అల్లం కేకు చేశాను, ప్రతి ఏడూ చేసినట్టే. ఎవరూ రాలేదు. నేనెలాగూ తినకూడదు. కోసి, గిన్నెలో పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

సెల్లారుకు తాళం వేశాను. జనీన్ ఎవరినీ, ఆ లైసెన్సాయనను కూడా, ముట్టుకోనివ్వద్దంది.

నవంబరు 9, బుధవారం

నెవిల్ వచ్చాడు. లోపలికి రమ్మన్నాను, రాలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు, టోపీ చేతిలో పెట్టుకుని.

ఎర్తు సరిగా ఉంటే మిషన్ మనిషిని కొట్టదన్నాడు. కొట్టిందంటే ఆ వైరు ఊడిపోయి ఉండాలి. ఊడిందంటే తను వదులుగా బిగించి ఉండాలి. ఇంతకంటే వేరే దారి కనబడడం లేదన్నాడు.

"బిగించాను బెరిల్. రెండుసార్లు లాగి కూడా చూశాను. చూసినట్టే గుర్తు." ఆగి, "గుర్తే కదా. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్లిపోయాను," అన్నాడు.

టీ తాగుతావా అన్నాను. 

తాగనన్నాడు. వెళుతూ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. చలికి కాదు.

నవంబరు 10, గురువారం

షుగరు పన్నెండు దాటింది, తొమ్మిది లోపు ఉండాల్సింది. దానికి కారణం కేకు కాదు.

నవంబరు 12, శనివారం

చర్చి పక్కన పాత సామాన్ల కొట్టు కిటికీలో నెవిల్ పనిముట్ల పెట్టె. మూత మీద పేరు, ఆయనే తెల్ల పెయింటుతో రాసుకున్నది. ఏభై ఏళ్లనుంచి ఎరుగుదును ఆ పెట్టెను. కొట్టావిడను అడిగాను. సోమవారం తెచ్చి ఇచ్చి వెళ్లాడట, ఇక ఈ చేతులతో ఏ పనీ చేయనన్నాడట. సోమవారం అంటే మా గుమ్మంలోకి రాకముందే.

రొట్టెల కొట్లో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ట్రెవర్ వేళ్లు తీసినవాడు అని చెప్పుకుంటున్నారు, పేరు కూడా చెప్పడం లేదు. నన్ను చూసి, పాపం మీ తమ్ముడు అన్నారు. అవునన్నాను. రొట్టె తీసుకుని వచ్చేశాను.

నవంబరు 13, ఆదివారం

సెల్లారు తాళం తీశాను. స్క్రూడ్రైవరు పట్టుకుని డబ్బా ముందు నిలబడ్డాను.

బిగించేస్తే ఎవరికీ తెలియదు. ఎవరు మూత తీసి చూసినా వైరు బాగానే ఉంటుంది. నెవిల్ తప్పు లేదని తేలుతుంది. నా తప్పూ ఉండదు. రెండు నిమిషాల పని. ఎవరూ ఏడవక్కర్లేదు.

కాని అప్పుడు మిషన్ ఎందుకు కొట్టిందో ఎవరికీ తెలియదు. నెవిల్ తన చేతుల వంకే చూసుకుంటూ పోతాడు, పోయేదాకా. ట్రెవర్ తన మోచేతిని తిట్టుకుంటాడు. నేను మధ్యలో కూర్చుని ఇద్దరి ఆరోగ్యాలూ అడుగుతుంటాను.

ట్రెవర్‌కు తెలిస్తే నా మొహం చూడడు. చూడకపోవచ్చు. చూడకపోయినా వాడి దగ్గు సంగతి జనీన్ చెబుతుంది.

మూత ముట్టుకోలేదు, లోపల నేను టేపు చుట్టి వంచిన వైరు అలాగే ఉంది. పైకొచ్చేశాను.

నవంబరు 14, సోమవారం

నెవిల్‌కు ఫోన్ చేశాను. వచ్చి ఆ డబ్బా మూత తీసి నీ కళ్లతో చూడు, ట్రెవర్‌ను కూడా తీసుకురమ్మని జనీన్‌కు చెప్పాను అన్నాను. తన దగ్గర స్క్రూడ్రైవరైనా లేదన్నాడు.

"నా దగ్గర ఉంది. ఆ స్క్రూకు సరిపోతుంది," అన్నాను.

 

గురువారం, పదిహేడో తేదీ, పదింటికి వస్తానన్నాడు.