చిన్నతాయి పేరు మార్చిన రోజు

తాగునీటి పథకం కార్యనిర్వాహక ఇంజనీరు గారి సముఖమునకు, విరుదునగర్.

అయ్యా,

విషయం: నరికుడి వైపు ఊళ్ళలో నీళ్ళు వృథా అయిన సంగతిలో, నన్ను పనిలోంచి తీసివేయుటకు సోమవారం జరుపబోవు విచారణ గురించి.

నేను కంట్రోల్ రూములో పదకొండేళ్ళుగా కంప్యూటర్ ఆపరేటరును. తమిళంలో రాస్తే ఈ అర్జీ తమ బల్లకు చేరేలోపు ఒక సహోద్యోగి చేతిలో పడి, ఆయన చదివేయును. ఆయన ఇంట్లో తెలుగే మాట్లాడును గాని అక్షరం చదవలేడు. తమరిది నెల్లూరని విని, మా తాత నేర్పిన అక్షరాలతో రాస్తున్నాను. తప్పులు మన్నించవలెను.

1. నీళ్ళు వదిలే ముందు ఊరి ఫోన్లకు కబురు పంపే ప్రోగ్రాం ఒకటి తెర వెనుక ఎప్పుడూ నడుచుచుండును. పూర్వం ఆ కబురు వీధివీధీ తిరిగి చెప్పినది చిన్నతాయి గారు. ఆమె రిటైరైనప్పుడు ప్రోగ్రాంకు ఆమె పేరే పెట్టితిని. ఐదు నిమిషాలకొకసారి చిన్నతాయి ఉన్నదా అని చూసి, లేకపోతే మళ్ళీ లేపే కాపలా ప్రోగ్రాం కూడా నేనే రాసితిని.

2. గత నెల పద్నాలుగున నా కూతురి చెవికుట్టుకు కోవిల్‌పట్టిలో సెలవుపై ఉంటిని. ఉదయం 9.12కు ఆ సహోద్యోగి చిన్నతాయి పేరు తీసి "నోటీస్ సర్వీస్ 2" అని పెట్టినాడు. నాకు చెప్పలేదు. కాపలాలోనూ మార్చలేదు.

3. కాపలా పాత పేరు వెతికి, కనబడక, ఐదు నిమిషాలకొక కొత్త చిన్నతాయిని లేపుతూ పోయినది. లేచినవన్నీ కొత్త పేరుతోనే లేచినవి. లేచిన ప్రతిదీ, ఆ రోజు కబురు ఇంకా వెళ్ళలేదనుకొని, "నీళ్ళు వస్తున్నవి" అని ఫోన్లు చేసినది. ఆడవాళ్ళు బిందెలతో కొళాయిల దగ్గరకు ఉరికి ఉరికి విసిగి ఫోన్లు ఆపేసినారు.

4. డ్యూటీలో ఉన్న జోతి నాకు ఫోన్ చేసి, "అన్నా, చిన్నతాయి ఊరుకోకుండా అరస్తా ఉండాది, నిలిపెయ్యన్నా" అన్నది. చెవికుట్టు మండపం నుండే, నాకు తెలిసిన పాత పేరుతో, ఆపమని నా ఫోనులోంచి కంప్యూటర్‌కు ఆజ్ఞ ఇచ్చితిని. ఆ పేరుతో ఏదీ నడవడం లేదని జవాబు వచ్చినది. అది చూసి ఆగిపోయిందని నమ్మి తమకు నేనే చెప్పితిని. నాలుగింటికి నిజంగా నీళ్ళు వస్తే పట్టేవాళ్ళు లేక మురుగుకాలవ పాలైనవి. తప్పుడు సమాచారం ఇచ్చితినని నాపై అభియోగం.

5. తప్పు నాదీ కొంత ఉన్నది. పేరొక్కటే చూసే కాపలా రాసినది నేనే. కాని అయ్యా, నేను జోతితో మాట్లాడుతుండగా, ఉదయం పేరు మార్చి అక్కడికి వచ్చిన ఆ సహోద్యోగి మండపంలో నా పక్కనే నిలబడి విన్నాడు. "ఆగిపోయిందంట గదా, ఆఫీసు చింత విడు, వచ్చి ఆకు ముందర కూర్చో" అన్నాడు. నాతో పాటు భోంచేసినాడు. మర్నాడు "ఆపరేటరు నిర్లక్ష్యం" అని రిపోర్టు రాసి సంతకం పెట్టినాడు. అతనికి ఈ పని నేర్పినది నేను. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా నాకు ఇదే నిద్ర పట్టనివ్వడం లేదు.

కావున ఆ ఉదయం పేరు ఎవరి లాగిన్‌తో మారినదో సోమవారానికి ముందు తమరే స్వయంగా చూసి, ఆ తర్వాత నా తప్పెంతో నిర్ణయించవలెనని ప్రార్థన. ఉన్నది ఉన్నట్టు రాసితిని, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రా. నారాయణసామి

తా.క. ఇది ఇంట్లో చదివి వినిపించితిని. నా భార్య సెల్వలక్ష్మి చివరిదాకా విని, "సహోద్యోగి అంటే ఎవురు? పేరు లేకుంటే ఆ దొర ఎవుర్ని పిలిచి అడిగేది? నా కోసం దాచొద్దు, రాయి" అన్నది. రాస్తున్నాను. పేరు పాండియరాజన్. ఆమెకు సొంత తమ్ముడు. ఆ రోజు మేనమామగా పీట మీద కూర్చున్నది అతనే. నా బిడ్డకు చెవులు కుట్టినది అతని ఒళ్ళోనే.