కొలత కాని దిబ్బ

అన్నా,

లిబియాలో పునాది గుంత కూలి నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. అక్కడే మట్టి చేశారన్న కబురు తప్ప మాకేమీ రాలేదు. ఈ ఉత్తరం ఎక్కడికి వెయ్యాలో తెలియదు. అయినా రాస్తున్నాను.

నేనూ వదినా హాలియా దగ్గర కాలువ తవ్వకంలో ఉన్నాం. మన పాలమూరు పద్ధతే. మధ్యలో ఒక మట్టిదిబ్బ వదిలి చుట్టూ తవ్వుతున్నాం. ఎంత లోతు తవ్వామో దాన్ని చూసే కొలుస్తారు కనుక, కొలత అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. అలవాటు కొద్దీ నువ్వు అక్కడ కూడా దిబ్బ వదిలితే, టర్కీ మేస్త్రి నవ్వి మిషన్‌తో తోసేశాడని రాశావు.

నిన్ను పంపిన ఏజెంటు ఈ రోజు ఇక్కడికే వచ్చాడు. దిబ్బ మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

"మీ అన్న పని చేసిన టర్కీ కంపెనీ మస్తు పెరిగింది. లిబియా అయింది, సౌదీ అయింది, ఇప్పుడు రష్యాల సుత బిల్డింగులు కడుతాంది. నువ్వు పోతవా?"

"మా అన్నను ఏడ మట్టి చేసిండ్రో ముందు గా జాగా చెప్పమను," అన్నాను.

"గన్ని దేశాలల్ల పని చేసే కంపెనీ. ఒక్క కూలోని జాగా ఎవనికి యాదుంటది?"

వదిన తట్ట కింద పడేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె పార పట్టుకుని నేరుగా అతని ముందుకు వచ్చి నిలబడింది.

"కాలు తియ్యి. ఇంక కొలత కాలే."