లావుదాన్నే ఉంచుకుందాం

అమ్మా ఊర్మిళా,

డ్యూటీకి వెళ్తున్నాను. లేవగానే ఆ సన్న లాప్‌టాప్‌ని పెట్టెలో సర్ది తెలీబంధా బజారులోని కంప్యూటర్ల కొట్లో తిరిగి ఇచ్చెయ్యి. రెండూ వాడి చూసుకోమని ఇచ్చిన గడువు ఈరోజుతో సరి. లావుదాన్నే ఉంచుకుందాం. "సన్నదే లేటెస్ట్ మాల్, బేటీ" అంటాడు కొట్టతను. నువ్వు మెత్తబడకు.

మీ అమ్మా సన్నదాని పక్షమే. "పిల్ల మోసుకు తిరగాల. ఆ ఇటుకరాయేటి?" అంటుంది. అననీ. మొన్న కరెంటు పోతే, లాంతరు వెలిగించేలోపే సన్నది ఆరిపోయింది. నువ్వు రాసిందంతా పోయింది. నువ్వు ఏడవలేదు గానీ అన్నం ముట్టలేదు. నేను చూశాను. నిన్న సాయంత్రం లావుదాని మీద మళ్లీ మొదలుపెట్టావు. కరెంటు మళ్లీ పోయింది. అది మాత్రం నువ్వు పని ముగించి మూత వేసేదాకా వెలుగుతూనే ఉంది. తిల్దా ఊళ్లోని రైసుమిల్లు వాళ్లకి రాస్తున్న కంప్యూటర్ ప్రోగ్రాము పూర్తయింది కదా! సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. ఇంకేం చూడాలి?

మీ అమ్మ పసుపూ కుంకుమా పట్టుకుని కాచుక్కూచుంది. బొట్టు మూత మీద పెట్టనియ్యి. మీటల మీద వద్దు.

నాన్న

మరిచాను. నిన్న చీకట్లో కాలనీ అంతా వీధిలోకొచ్చింది. మన కిటికీలో ఒక్కటే వెలుగు, నీ మొహం మీద. పక్క క్వార్టర్ అప్పారావు "ఏటి గురునాథం, మీ ఇంటికొక్కదానికే కరెంటిచ్చారేటి?" అన్నాడు. "ఇంటికి లేదురా, మా అమ్మాయికుంది" అన్నాను.